ఒంటినోటి సందు

పంటకాలవ గట్టు లోపల ఎలుకల ఊరొకటి ఉండేది. పైనుంచి చూసేవాళ్ళకి గడ్డి, గడ్డిలో అక్కడక్కడ బొక్కలు, అంతే. లోపలికి దిగితే మాత్రం ఊరంటే ఇదీ అనిపించేది. గట్టు పొడుగునా పెద్దవీధి, దాన్నుంచి చీలిన సందులు, సందునీ సందునీ కలిపే అడ్డసందులు. ఏ ఇంట్లోంచి బయల్దేరినా ఏ ఇంటికైనా మూడు దారులకు తక్కువ ఉండేవి కావు. అత్తగారిని తప్పించుకోవాలన్నా, వియ్యపురాలికి కావాలని ఎదురుపడాలన్నా ఆ ఊళ్ళో దారికి కరువు లేదు.

ఇన్ని దారులు వాటంతటవే పుట్టలేదు. అక్కడొక ఆచారం ఉంది. కొత్త సందు తవ్వితే దాని మొదలు ఒక వీధిలో ఉండాలి, కొస ఇంకో సందులో తేలాలి. కొత్తవాళ్ళు ఇటునుంచి తవ్వుకుంటూ పోతే, పాతవాళ్ళు అటునుంచి తవ్వుకుంటూ వస్తారు. మధ్యలో మట్టి రాలి, ఇవతలి మీసాలు అవతలి మీసాలకు తగిలిన రోజున ఒక వరివెన్నుని చెరో కొసా కొరికి పంచుకుంటారు. దీన్ని మీసాలు కలపడం అంటారు. మీసాలు కలవని సందులో కాపురం పెట్టకూడదు. కలిశాయని తేల్చి చెప్పేది పోలమ్మ. ఆమె ఆ ఊరి తవ్వకాల పెద్ద. పళ్ళు అరిగిపోయి, నడుం వంగిపోయినా, మట్టి వాసన చూసి అవతల ఎవరి ఇల్లుందో చెప్పగలిగిన మనిషి. మనిషంటే ఎలుకే అనుకోండి.

పోలమ్మ మేనకోడలు నూకాలు. నూకాలుకి అయిదుగురు పిల్లలు, ఇంకా కళ్ళు తెరవలేదు. వాళ్ళ నాన్నని నాట్లప్పుడు గద్ద ఎత్తుకుపోయింది. పిల్లలు తప్ప నూకాలుకి ఇక లోకం లేదు. ఆ లోకం కాస్తా నాలుగు సందులు కలిసే కూడలిలో, ఊరి నట్టనడుమ ఉంది.

రెండు కార్లు పంట బాగా పండేసరికి ఊరు రెట్టింపైంది. ఒకప్పుడు నూకాలు గడప ముందునుంచి పూటకి పదిమంది నడిచేవాళ్ళు. ఇప్పుడు పిల్లలకి పాలిచ్చేలోపే ముప్పైమంది.

"ఏం నూకాలూ, పిల్లలు పడుకున్నారా?"

"ఇప్పటిదాకా పడుకున్నారు వదినా. నువ్వు అడిగావు కదా, ఇక లేస్తారు."

"లేస్తే లేవనీ. అలవాటవ్వాలి కదా మరి."

ఇలా పలకరించినావిడ ఆ పూట నాలుగోసారి పలకరించి వెళ్ళింది. నూకాలు దేవుడికి దణ్ణం పెట్టుకుంటే ఒకటే కోరిక కోరేది: ఒక్క పూట ఎవరూ తన గడప ముందునుంచి నడవకూడదని. కోరికలు తీర్చే దేవుళ్ళు కొంచెం ముందూ వెనకా చూసుకుని తీరిస్తే బాగుండేది.

గట్టుకి అవతల జంబన్న అనే నక్క ఉండేది. పొద్దు వాలేవేళ వచ్చి ఏదో ఒక బొక్క ముందు తవ్వేది. తవ్వి తవ్వి ఇంటిదాకా వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు అడ్డసందులోంచి పక్కింటికి, పక్కింట్లోంచి ఆ పైవీధికి వెళ్ళిపోయి, ఇంకో బొక్కలోంచి తల బయటపెట్టి దాని తోక చూస్తూ ఉండేవాళ్ళు. జంబన్న డొక్కలు లోపలికి పోయాయి. గోళ్ళు అరిగాయి.

ఒకరోజు మధ్యాహ్నం నూకాలు పిల్లల పక్కకి ఎండుగడ్డి ఏరుకోవడానికి బయటికొచ్చింది. పక్కనే బుంగయ్య ఎండకి పడుకుని ఉన్నాడు. బుంగయ్య పందికొక్కు. ఊరు పెరిగినప్పట్నుంచీ కొత్త సందులన్నీ అతని చేతిమీదే లేచాయి. ఒళ్ళు పెద్దది, గొంతు పెద్దది, మనసు కూడా చిన్నదేం కాదు. పని చేయించే తొందరలో ఆలోచించడానికి మాత్రం తీరిక దొరికేది కాదు.

గట్టు పక్కన పారే బోదె అవతలి ఒడ్డున జంబన్న వచ్చి చతికిలబడింది. బోదెలో నీళ్ళు నిండుగా ఉన్నాయి కాబట్టి ఇవతల ఎవరూ కదల్లేదు.

"బుంగయ్యగారూ, నేను ముసలాణ్ణయ్యాను," అంది జంబన్న. "ఇంకా మీ దగ్గర దాచడం దేనికి? మీరు నాకెలా దొరుకుతారో తెలుసా?"

"ముక్కుతో," అన్నాడు బుంగయ్య.

"ముక్కు పనిచెయ్యడం మానేసి ఏడాదైంది. అరికాళ్ళతోనండి. నేలకి కాలు ఆనిస్తే కింద మీ అడుగుల చప్పుడు తగుల్తుంది. నలుగురు నడిచే కూడలి అయితే డోలు మీద నిలబడ్డట్టే ఉంటుంది. మీ నూకాలుగారి ఇల్లుంది చూశారూ, దాని మీద నిలబడితే నాకు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి."

నూకాలు చేతిలోని గడ్డి కింద పడింది.

"మరి ఎవరూ నడవని చోట?" అన్నాడు బుంగయ్య.

"ఎవరూ నడవని చోట ఎవరున్నారో నాకేం తెలుస్తుందండీ. ఊరందరూ తొక్కే సందుల్లో కాకుండా ఎవరి సందులో వాళ్ళు గుట్టుగా ఉంటే నేను మీమీదనుంచే నడిచి ఇంటికి పోతాను. ఉపవాసం ఉండి."

లేచి ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోయింది. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పకుండా మింగేసిన మాట మాత్రం ఒకటుంది.

మర్నాడు పెద్దవీధిలో ఊరంతా చేరింది. బుంగయ్య మధ్యలో నిలబడ్డాడు.

"గట్టు తూర్పున కాలవ పూడిక తీసి పోసిన మట్టిదిబ్బ ఉంది. దానిలో కొత్తపేట కడతాను. తుమ్మచెట్టు మొదట్లో ఒకే వాకిలి. లోపల ఒక నడుమవీధి, దానికి తొమ్మిది సందులు, చేతివేళ్ళలాగ. ఏ సందు కొస ఆ సందులోనే ఆగిపోతుంది. ఒంటినోటి సందు అన్నమాట. వెళ్ళినవాడు వచ్చిన దారినే తిరిగి రావాలి. కాబట్టి ఆ సందులో ఉండేవాడు తప్ప ఇంకొకడు అడుగుపెట్టడు. పేరు నెమ్మదిపేట."

"కొసలు ఎక్కడ కలుస్తాయి?" అని అడిగింది పోలమ్మ.

"కలవవు పెద్దమ్మా. అదే కదా దాని గొప్ప."

"మరి మీసాలు?"

"ఎవరి మీసాలు వాళ్ళ మూతికే ఉంటాయి." నలుగురు నవ్వారు.

పోలమ్మ నవ్వలేదు. "బుంగయ్యా, నాకు పాత పద్ధతుల మీద మోజని అనుకుంటున్నావు. అడ్డసందు తవ్వేటప్పుడు నా గోళ్ళు కూడా నొప్పెట్టాయి. దారిన పోయేవాడు నా నిద్ర కూడా చెడగొట్టాడు. కానీ వాడు వచ్చే దారే నేను పారిపోయే దారి. వాణ్ణి రావద్దంటే నేను పోలేను."

వీధిలో కొందరు తలలు ఊపారు. ఇంకాసేపు అలాగే ఉంటే ఆ మాట అక్కడితో ఆగిపోయేదేమో. అప్పుడు నూకాలు లేచింది.

"అత్తా, నీ ఇల్లు ఊరి చివర ఉంది. నువ్వు చెప్పగలవు. ఊరంతా నడిచేది నా పిల్లల నెత్తిమీద. నక్క నా ఇంటి పేరు చెప్పింది, నా చెవులతో విన్నాను. వాళ్ళకింకా కళ్ళు తెరవలేదు. నేను వాళ్ళని పట్టుకుని ఏ అడ్డసందులో పరిగెత్తను? ఒక్కో విడతకి నోట ఒక్కణ్ణే పట్టగలను. నాకు దారులొద్దు. చప్పుడు లేని చోటు కావాలి."

ఆ మాటతో పేట ఖాయమైంది. పోలమ్మ మేనకోడలి తలమీద మట్టి తుడిచి వెళ్ళిపోయింది.

నెమ్మదిపేట వారంలోపే లేచింది. తన మాటతో పేట ఖాయం చేసినందుకు నూకాలుకి అన్నిటికన్నా నెమ్మదైన ఇల్లు ఇచ్చారు: చివరి సందులో చిట్టచివరిది. దాని వెనకగోడకి అవతలే పాత ఊరి ఆఖరి ఇల్లు, పోలమ్మది. చప్పుడు రాకూడదని బుంగయ్య గోడలన్నిట్లో బంకమట్టి, నత్తగుల్లలు కలిపి రెండు తోకల మందాన దిమ్మిస చేయించాడు. అయినా పోలమ్మ దగ్గితే సన్నగా వినపడేది.

మొదటి పదిరోజులు నూకాలు కడుపునిండా నిద్రపోయింది. పిల్లలు కళ్ళు తెరిచారు. గోడలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ రాలేదు, ఎవరూ పలకరించలేదు.

ఆ తర్వాత ఎవరూ పలకరించకపోవడం మెల్లిగా తెలిసొచ్చింది. పక్కసందు చివర స్నేహితురాలు గవరమ్మ ఉండేది. ఇద్దరిళ్ళకీ మధ్య ఒక్క గోడే. గవరమ్మ తుమ్మితే నూకాలు చిరంజీవ అనేది. కానీ మొహం చూడాలంటే సందు పొడుగునా నడిచి నడుమవీధికి వచ్చి, మలుపు తిరిగి, మళ్ళీ ఆ సందు పొడుగునా నడవాలి. వెళ్ళి కూర్చునేలోపు ఇంటిదగ్గర పిల్లలు ఏడుపు అందుకునేవాళ్ళు. రెండుసార్లు వెళ్ళి, మూడోసారి మానేసింది.

ఇక మేతవేళ సంగతి చెప్పక్కర్లేదు. తొమ్మిది సందులవాళ్ళూ ఒకే వీధిలోకి వచ్చి ఒకే వాకిలి ముందు ఇరుక్కునేవాళ్ళు.

"కొంచెం జరగండి బాబూ."

"ఎటు జరగమంటావు? ముందు మావయ్య తోక, వెనక నీ మూతి."

"నా మూతికేమైంది?"

"ఏమీ కాలేదు. అది నా వీపులో ఉంది, అంతే."

సందుల్లో చప్పుడు పోయిన మాట నిజమే. పోయిందంతా ఆ ఒక్క వాకిలి దగ్గర పోగుపడింది.

కోతలు మొదలైన వారంలో, ఒక మధ్యాహ్నం, జంబన్న వచ్చింది. దిబ్బమీద ఎక్కడా తవ్వలేదు. ఊరికే అటూ ఇటూ నడిచి, చప్పుడంతా ఎక్కడ కలుస్తోందో అరికాళ్ళతో చూసుకుంది. తుమ్మచెట్టు మొదటికి వచ్చి, వాకిలికి అడ్డంగా ముందుకాళ్ళు చాపి పడుకుంది.

"వెళ్ళిపోతుందిలే," అన్నాడు బుంగయ్య లోపల. "ముసల్ది, ఎండకి ఉండలేదు."

సాయంత్రం అయింది. తెల్లవారింది. పిల్లలున్న ఇళ్ళల్లో గింజలు అయిపోయాయి. గవరమ్మ మొగుడు అప్పలకొండ, వాకిలి చూసొస్తానని వెళ్ళాడు. నడుమవీధిలో అతని అడుగులు కొంతదూరం వినపడ్డాయి. తర్వాత వినపడలేదు. గోడ అవతల గవరమ్మ మూడుసార్లు పేరు పెట్టి పిలిచి ఊరుకుంది. నూకాలు గోడకి చెంప ఆనించింది. రెండు తోకల అవతల స్నేహితురాలు కూలబడి ఉంది, ఆమె చుట్టూ చెయ్యి వెయ్యాలంటే నక్క ముందునుంచి నడవాలి.

అప్పుడు తవ్వుతున్న చప్పుడు మొదలైంది. జంబన్న వాకిలి వెడల్పు చేస్తోంది.

జనం ఎవరి సందుల్లోకి వాళ్ళు పరిగెత్తి, కొసకి పోయి గోడకి ఆనుకుని కూర్చున్నారు. నూకాలు అయిదుగుర్నీ పొట్ట కిందికి లాక్కుంది. మట్టి పెళ్ళలు విరుగుతున్న చప్పుడు, పిల్లల గుండె చప్పుడు, వాటి మధ్య సన్నగా ఒక దగ్గు.

నూకాలు లేచి వెనకగోడ గీకడం మొదలుపెట్టింది. నత్తగుల్ల తగిలి గోరు విరిగింది. ఆగలేదు.

అంతలో బుంగయ్య వచ్చాడు. ఒక్కో సందుకీ వెళ్ళి జనాన్ని చూసి వస్తున్నాడు.

"బాబాయ్, ఈ గోడ పగలాలి. అవతల అత్త ఉంది."

"రెండు తోకల మందం అమ్మా. నేనే కొట్టించాను."

"నువ్వు కొట్టించావు, నేను కొట్టించమన్నాను. ఇప్పుడు పగలగొట్టడానికి మనిద్దరం చాలం. అందర్నీ ఇక్కడికి తీసుకురా."

"నడుమవీధిలోంచి రావాలి. నక్క ఆ వీధినే తవ్వుతోంది."

"ఇంకో దారుంటే చెప్పు."

బుంగయ్య తలొంచుకుని వెళ్ళాడు. ఎనిమిది సందులు తిరిగి, బతిమాలి, కసిరి, గవరమ్మని చెయ్యిపట్టి నడిపించి, అందర్నీ తీసుకొచ్చాడు. అందరూ ఒకరి తర్వాత ఒకరు గోడమీద పడ్డారు. ముందువాడి గోళ్ళు అరిగితే వెనకవాడు ముందుకొచ్చాడు. రాలిన మట్టిని పిల్లలున్న తల్లులు వెనక్కి తోశారు.

కాసేపటికి అవతల్నుంచి కూడా గీకుతున్న చప్పుడు వచ్చింది. అరిగిన పళ్ళతో, నెమ్మదిగా, ఎక్కడ మట్టి మెత్తగా ఉందో తెలిసిన చప్పుడు. నూకాలు ఆ చప్పుడు వైపే తవ్వింది. పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి వేలెడు మట్టి రాలింది. చల్లటి గాలి తగిలింది. ఆ గాలిలో ముసలి మీసాలు రెండు నూకాలు మీసాలకి తగిలాయి.

"అత్తా, నేను ఆ రోజు," అని మొదలుపెట్టింది నూకాలు.

"పిల్లల్ని అందించు ముందు," అంది పోలమ్మ.

అయిదుగురూ కన్నంలోంచి అవతలికి వెళ్ళారు. తర్వాత మిగతా పిల్లలు, తల్లులు, ముసలివాళ్ళు. కన్నం ఒక ఎలుక పట్టేంతే ఉంది. ఒక్కొక్కరే దూరాలి. ఈలోగా జంబన్న గోళ్ళ చప్పుడు చివరి సందు మలుపుకి దగ్గరగా వచ్చింది.

చివరికి నూకాలు, బుంగయ్య మిగిలారు.

"బాబాయ్, ఇంకొంచెం తవ్వితే నువ్వూ పడతావు. అవతల్నుంచి తవ్వమంటాను."

బుంగయ్య కన్నం వైపు చూశాడు, తన ఒంటి వైపు చూసుకున్నాడు. "ఇంకొంచెం అంటే ఎంతో నాకు తెలుసమ్మా. గోడ కొట్టించినవాణ్ణి. ఇది నా ఒంటికి సరిపడేసరికి నక్క ఇక్కడుంటుంది. నువ్వు కన్నం దాటేలోపే వచ్చేసేలా ఉంది."

"అయితే?"

"దాని చెవులు అరికాళ్ళల్లో ఉన్నాయని మనిద్దరితోనే కదా చెప్పింది. మలుపుకి ఎదురుగా ఉన్న మొదటి సందులో నా ఒక్కడి అడుగులు యాభైమంది అడుగుల్లా వినపడతాయి. ఒళ్ళు పెద్దదైనందుకు ఇన్నాళ్ళకి పనికొస్తోంది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మంచిదనే కట్టాను నూకాలూ. అందరూ నిద్రపోతారనే కట్టాను."

"నాకు తెలుసు బాబాయ్. నేనే అడిగాను."

బుంగయ్య వెనక్కి నడిచాడు. నూకాలు కన్నంలోకి తల పెట్టేసరికి దూరంగా మొదటి సందులో ధనధనా అడుగులు మోగాయి, పేట మొత్తం అక్కడికే పరిగెత్తినట్టు. మలుపు దగ్గర గోళ్ళ చప్పుడు ఆగింది. అటు తిరిగింది. నూకాలు అవతల పడింది. ఆ అడుగులు చాలాసేపు మోగాయి. ఊరందరూ గోడకి చెవులు ఆనించి విన్నారు. అవి ఆగాక కూడా ఎవరూ చెవి తియ్యలేదు.

చివరికి నూకాలు లేచింది. "ఆ మొదటి సందు కొసకి ఎటునుంచి దగ్గర అత్తా?"

"నా పక్కింటి వెనకనుంచి నాలుగు తోకలు."

"పదండి, దాన్ని కలుపుదాం. ఆ తర్వాత మిగతా ఏడూ."

"నక్క ఇంకా అక్కడే ఉంది కదే."

"ఉండనీ. అది వాకిలి చూసుకుంటోంది. మనం గోడలు చూసుకుందాం."

జంబన్నకి ఆ పూట కడుపు నిండింది. గోళ్ళు మాత్రం నత్తగుల్లలకి విరిగిపోయాయి. ఇక తవ్వడం దేనికి, ఆకలే వాళ్ళని తోలుకొస్తుంది అనుకుని వాకిలి ముందు పడుకుంది. అరికాళ్ళు నేలకి ఆనించి చూస్తే లోపల అడుగులు వినపడుతూనే ఉన్నాయి. మొదటిరోజు విన్నది, రెండోరోజు ఇంకా ఎక్కువగా విన్నది. మంచిదే, అందరూ బతికే ఉన్నారు అని మీసాలు నాక్కుంది. మూడోరోజు, నాలుగోరోజు అడుగులు సంతరోజులా మోగాయి. వాకిట్లోకి ఒక్క ముక్కూ రాలేదు. దాని డొక్కలు మళ్ళీ లోపలికి పోయాయి.

అయిదోరోజు పొద్దున బోదె గట్టుమీదికి కొంగ ఒకటి వచ్చి వాలింది.

"ఏం జంబన్న మావా, ఇక్కడ పడుకున్నావేంటి?"

"గట్టిగా మాట్లాడకు. పేట మొత్తం లోపలే ఉంది. ఉన్నది ఈ ఒక్క వాకిలే."

కొంగ మెడ సాచి చూసింది, ఇటువైపు, అటువైపు, గట్టు పొడుగునా.

"ఉండేది మావా. మొన్నటిదాకా. ఇప్పుడు ఆ తొమ్మిది సందులూ పాత ఊళ్ళోకి తెరుచుకున్నాయి. నేను కాలవ దగ్గర్నుంచి వస్తున్నాను, ఎలుకలు తలోవైపునుంచీ బయటికొచ్చి వెన్నులు కోసుకుంటున్నాయి. ఒక తల్లి అయిదుగురు పిల్లలకి కోత నేర్పుతోంది. లోపల్నుంచి మట్టి నింపి మూసేసిన వాకిలి ఊరు మొత్తానికి ఒకటే ఉంది. నువ్వు దాని ముందు కాపలా ఉన్నావు."

జంబన్న వాకిట్లోకి మూతి దూర్చింది. మట్టి తగిలింది, గట్టిగా దిమ్మిస చేసిన మట్టి. కాళ్ళ కింద అడుగుల చప్పుడు మోగుతూనే ఉంది, నాలుగు దిక్కులకీ పోతూ. అది లేచి, విరిగిన గోళ్ళతో కుంటుకుంటూ, బోదె దాటి వెళ్ళిపోయింది.

ఒక్క దారే ఉన్న ఇంటికి, ఆ దారిలో ఎవరు వచ్చి కూర్చుంటే వాళ్ళే యజమాని.